గద్వాల చీర మీద బూడిద గీత

పాలమూరు వైపు వెళ్లొచ్చిన వాళ్లు కోటల గురించి, కృష్ణ గురించి, కొల్లాపూర్ మామిడిపళ్ల గురించి చెబుతారు. నేనూ వెళ్లొచ్చాను. మూడు రోజులు, మూడు ఊళ్లు. కోటను దూరంనుంచి, కృష్ణను బస్సు కిటికీలోంచి చూశాను. మామిడిపళ్ల కాలం అప్పటికే దాటిపోయింది. నేను పోయింది పది సంతకాల కోసం. చూడదగ్గ స్థలాల జాబితా కావలసినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం కోపం లేదు.

నా ఉద్యోగం సంగతి ముందు చెప్పాలి. హైదరాబాదు శివార్లలో అల్యూమినియం సెక్షన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో అప్పటికే పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. సెక్షన్లంటే కిటికీలకీ తలుపులకీ వాడే ఆ పొడుగాటి బద్దలే. ఇంట్లో జంతికల గొట్టం చూసే ఉంటారు. అడుగున బిళ్ల మారిస్తే ఒకసారి చుక్కగా, ఒకసారి పట్టీగా పిండి దిగుతుంది. మా ఫ్యాక్టరీలోనూ అంతే. ఎర్రబడకుండానే మెత్తబడేంతగా కాల్చిన అల్యూమినియం దిమ్మను పెద్ద యంత్రం బిళ్లలోంచి నెడుతుంది. బిళ్ల కన్నం ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో బద్ద దిగుతుంది. ఇనుములో మూడోవంతు బరువు, తుప్పు పట్టదు, కోస్తే కోయించుకుంటుంది. కిటికీ, బస్సు బాడీ, నిచ్చెన, దుకాణం కౌంటరు, యంత్రాల వేడిని బయటికి పంపే రెక్కలు, దేనికైనా సరే. ఈ మాటలు నేను నిద్రలో కూడా చెప్పగలను. చెప్పే జీతం తీసుకుంటున్నాను.

ఆ ఏడాది మావాళ్లకి చేనేత మీద ప్రేమ పుట్టింది. మగ్గంలో అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తడానికి అడుగున ఒక పలక ఉంటుంది. నేతగాడు దాన్ని రోజంతా ముందుకీ వెనక్కీ ఊపుతూ పోగును కొట్టి సర్దుతాడు. చెక్క పలక బరువు, భుజాలు పడిపోతాయి. అల్యూమినియంతో చేస్తే తేలిక. గద్వాలలో పది మగ్గాలకి ఊరికే బిగించి, "బాగుంది" అని పదిమంది చేత సంతకం పెట్టించుకొస్తే, ఒక పెద్ద ఆర్డరు మాదే. ఆ ఆర్డరు ఎవరిదో ఇక్కడ అనవసరం. బిగించిన మూడు నెలలకి సంతకాల ఫారం నా చేతికిచ్చి, పొమ్మన్నారు. దారిలో మా సరుకు ఎలా పోతోందో కూడా చూసి రమ్మన్నారు. ఒక నేతగాడు ఏదో మరక అంటున్నాడని కూడా, అదేదో పక్కింటి గొడవ అన్నట్టు, చివర్లో చెప్పారు.

నాగర్‌కర్నూల్: లాడ్జి తలుపు

ఇమ్లిబన్‌లో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి నాగర్‌కర్నూల్ చేరాను. బస్టాండు ఎదురు మెస్సులో భోజనం ఇరవై రూపాయలు. మా తెనాలిలో అన్నం మీద పప్పు వేసి, నెయ్యి చూపించి, తర్వాత కూరలు మొదలుపెడతారు. ఇక్కడ కూర్చోగానే పచ్చి పులుసు పోశారు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపి, నువ్వుల పొడి వేసిన చల్లటి పులుసు. ఆ ఎండలో గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మెస్సు ఆవిడ నా పళ్లెం చూసి, సార్ తిండి పిట్ట తిన్నట్టుంది అని పక్కవాళ్లతో అని, అడక్కుండానే ఇంకో గరిటె అన్నం వేసి పోయింది.

లాడ్జి గదికి అల్యూమినియం కిటికీ, స్నానాలగదికి అల్యూమినియం తలుపు. ఆకారం చూడగానే గుర్తుపట్టాను, మాదే. కిటికీ చట్రం నిండా తెల్లటి మచ్చలు. మేస్త్రీ గోడకి సిమెంటు పూసేటప్పుడు తడి సిమెంటు దానిమీద పడి ఉంటుంది, తుడిచి ఉండడు. తుప్పు పట్టని ఈ లోహాన్ని తడి సిమెంటు తినేస్తుంది. ఆ విషయం మేం కొనేవాళ్లకి చెప్పం, చెబితే మళ్లీ చెక్క కిటికీ పెట్టుకుంటారని.

స్నానం చేసి గడియ లాగితే, గడియ నా చేతిలోకి ఊడొచ్చింది. ఈ సరుకు కిలోల లెక్కన అమ్ముతారు. కిలోకి ఎక్కువ అడుగులు రావాలని అందరూ పల్చటి బద్దలే అడుగుతారు, మేం కూడా అంత పల్చగానే తీసి ఇస్తాం. అంత పల్చటి గోడలో మరమేకు ఎంతకాలం పట్టుకుంటుంది? అరగంటసేపు లోపలే తువ్వాలుతో నిలబడి తలుపు బాదాను. చివరికి లాడ్జి యజమాని స్క్రూడ్రైవరుతో వచ్చి విడిపించాడు. ఈ తలుపు చేసినోడు దొరికితే కొట్టాలె సార్ అన్నాడు. నిజమే అన్నాను. నేనే చేశానని మాత్రం అనలేదు.

వనపర్తి: యాదగిరి చేతులు

రెండో రోజు వనపర్తి. బస్సు నిండా పల్లీల బస్తాలు, నా ఒళ్లో ఎవరిదో సంచి. మా వైపు బస్సులో సీటు కోసం కొట్టుకుంటారు. ఇక్కడ ముగ్గురి సీటులో నలుగురు కూర్చుని, ఐదోవాడిని రమ్మని పిలుస్తున్నారు. మర్యాదే, కానీ నా మోకాలు ఇంకా నొప్పెడుతోంది.

మా పలకలు పదీ కోసి, కన్నాలు వేసి, మగ్గాలకి సరిపోయేలా చేసింది వనపర్తిలో యాదగిరి. నలభై ఏళ్లుంటాయి. బస్టాండు వెనక చిన్న షెడ్డు, కోత యంత్రం. అప్పట్లో వీధికి నాలుగు సెల్‌ఫోన్ దుకాణాలు తెరుస్తున్నారు కదా, వాటన్నిటికీ అద్దాల కౌంటర్లు ఇతనివే. నన్ను చూడగానే చేతులు లుంగీకి తుడుచుకుని, చెయ్యి మాత్రం కలపలేదు. ఎందుకో అర్థమైంది. అరచేతులు బొగ్గు పట్టుకున్నట్టు నల్లగా ఉన్నాయి. అల్యూమినియం పైకి తెల్లగా మెరుస్తుంది గానీ, ఉత్తదాన్ని రుద్దితే నల్లటి మసి వదులుతుంది. దానిమీద కరెంటు తొట్టెలో గట్టి పొర ఎక్కిస్తే ఇక వదలదు. ఆ పనిని మేం కోటింగు అంటాం.

మగ్గం పలకలకి ఆ కోటింగు వేయలేదు. ఎందుకు వేయలేదో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మీటింగులో నేనున్నాను. నగరంలో కడుతున్న ఓ పెద్ద అద్దాల మేడకి మా తొట్టెలు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి. పది మగ్గం పలకల కోసం వాటిని ఆపడం దండగ అన్నారు. ఏడో అంతస్తులో ఏ మనిషీ ముట్టుకోని బద్దకి పొర ఎక్కింది. రోజంతా తెల్ల నూలు రాసుకునే పలకకి ఎక్కలేదు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

యాదగిరి రొట్టెలు తెప్పించాడు. జొన్న రొట్టె, పల్లీల కారం. రొట్టె చేతిలో విరిస్తే మెత్తగా ఉంది, నోట్లో పెడితే నమలాలి. నేను నములుతుంటే అతను నెమ్మదిగా మొదలుపెట్టాడు. పలకలు వచ్చిన రోజే ఆఫీసుకి ఫోన్ చేశాడట, కోటింగు లేకుండా ఇవి మగ్గానికి పనికిరావని. అట్లాగే పంపమన్నారట. సరే, పైన ప్యాకింగు టేపు అంటించి పంపాడు. బిగించినరోజు తీసిన ఫొటోలో మెరవడం లేదని దాన్ని మావాళ్లే పీకించారట. ఇంట్లో తనకి వేరే తువ్వాలు పెడతారని, పెళ్లిలో పెట్టిన తెల్లచొక్కా ఇంతవరకు వేసుకోలేదని చెప్పి నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"నా తప్పు లేదని అంటలేను సార్. తెలిసే పంపిన. గా నాగప్ప మగ్గం మీద మూడు చీరలు ఖరాబైనయ్. నూలిచ్చి చీరలు తీస్కునే శేటు ఆయనకు నూలు బంద్ చేసిండు. మీరు పొయ్యి సంతకం తీస్కరాకుండ్రి, రాసిచ్చి రాండ్రి. మరక పలకదే అని ఒక్క ముక్క రాసిస్తె ఆయన బతుకుతడు."

చూద్దాం అన్నాను. ఆఫీసు భాషలో ఆ మాటకి అర్థమేమిటో యాదగిరికి తెలియదు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

గద్వాల: తొమ్మిది ఉపయోగాలు

బీచుపల్లి దగ్గర వంతెన మీద కృష్ణ కనిపించింది. ఎండకి బండలన్నీ తేలి, మధ్యలో సన్నటి పాయ. నా పక్కన కూర్చున్న ఒక ముసలాయన జేబులోంచి రూపాయి తీసి నీళ్లలోకి విసిరి దండం పెట్టుకున్నాడు. రూపాయి బండ మీద పడి ఖంగుమంది. ఏం మొక్కుకున్నారని అడిగితే, ఇంకేముంటది, నీళ్లే అన్నాడు.

గద్వాలలో కన్నడ ముక్కలు కలిసిన తెలుగు, ధరూర్ పోయే షేరింగు ఆటోల అరుపులు, రెండు రూపాయలకి చాయ్. నేతవాళ్ల వీధిలోకి తిరిగేసరికి అరుపులన్నీ ఆగిపోయి, ఇళ్లలోంచి మగ్గాల చప్పుడే వినిపించింది. గద్వాల చీర సంగతి తెలిసిందే కదా, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అంచుకో నాడె, ఒంటికో నాడె, మళ్లీ అంచుకో నాడె వేసి, పోగుకి పోగు మెలేసి నేస్తారు. ఒక చీరకి రోజులు పడతాయి. మనం దుకాణంలో నిమిషంలో మడత విప్పించి, బాగాలేదని పారేసి పోతాం.

మా పది పలకల్లో తొమ్మిది మగ్గాల మీద లేవు. మొదటి ఇంట్లో బట్టలారేసే దండెం అయింది. రెండో ఇంట్లో గూట్లో డబ్బాలు పెట్టుకునే అర. ఒకచోట రేకుల కప్పుకి ఆసరా, ఒకచోట మంచానికి అడ్డపట్టీ, ఒకచోట మేకల్ని రానివ్వకుండా గడపకి అడ్డు. మా కేటలాగులో ఇన్ని ఉపయోగాలు లేవు. ఎందుకు తీసేశారంటే అందరిదీ ఒకటే మాట, దెబ్బ పడదు సార్ అని. పలక బరువుతోనే పోగు గట్టిగా కూర్చుంటుంది. భుజాలకి సాయమని మేం బరువు తీసేశాం, బరువు పోయేసరికి వాళ్లు రెండింతలు బలంగా కొట్టాల్సి వచ్చింది. ఒక్క నేతగాణ్ణి ముందే అడిగి ఉంటే ఈ ముక్క అరనిమిషంలో చెప్పేవాడు. అడగలేదు. ఆ తొమ్మిదిమందీ మర్యాదకి చాయ్ ఇచ్చి, ఫారం చదవకుండానే సంతకం పెట్టారు. ఊరికే వచ్చిన బద్ద, దండేనికి బాగానే ఉంది మరి.

నాగప్ప

పదోది నాగప్పది. ఒక్కటే గది, సగం మగ్గమే. యాభై దాటిన మనిషి, కుడి భుజం ఎడమదానికన్నా కిందికి వాలి ఉంది. అతను మాత్రం పలక తీయలేదు. సార్‌వాళ్లు భుజం కోసమే ఇచ్చారు, వాడాలి కదా అనుకున్నాడట. దెబ్బ చాలక, పలక పొడవునా ఒక ఇనుప కడ్డీని నూలుతాడుతో కట్టుకున్నాడు. తేలిక కోసం మేం చేసిన పలకని, దాని పాత బరువు కన్నా బరువుగా చేసుకుని, మూడు చీరలు నేశాడు.

ఆయన భార్య ఈరమ్మ కండెలు చుట్టే రాట్నం పక్కకి జరిపి, పెట్టెలోంచి ఒక చీర తీసి పరిచింది. తెల్లటి నూలు, మామిడిచిగురు రంగు అంచు. వెలుతురుకి పట్టుకోగానే కనిపించింది. చీరంతా లేతగా పొగచూరినట్టుంది. ఉండుండి అడ్డంగా బూడిద గీత. నేత ఆపినప్పుడల్లా పలక అక్కడ ఆని నిలబడింది. నీళ్లకి లేచినచోట ఒకటి, అన్నానికి లేచినచోట ఒకటి. మనిషి ఎన్నిసార్లు లేచాడో చీర చూసి చెప్పొచ్చు. జరీ ఉన్న చీర, ఉతికే వీలు లేదు.

నాగప్ప రెండు చేతులూ నా ముందు చాపాడు. సున్నం రాసినంత శుభ్రంగా ఉన్నాయి.

"సూడుండ్రి సార్. ముప్పై ఏండ్ల సంది నేస్తున్న. పొద్దుగాల శనగపిండితోని కడుగుత, బీడి తాగ. శేటు ఏమన్నడు తెల్సా, నీ చెయ్యి మంచిగ లేదు నాగప్ప అన్నడు. నాకు నూలు ఇయ్యనిది కాదు సార్, గా మాట పడ్డది సూడు, గది."

నేత పనిలో చెయ్యి మంచిది కాదంటే ఇంకేం మిగలదని నాకూ తెలుసు. ఆ మాట ఒక శేటు అంటే ఇంకో శేటు నూలు ఇవ్వడు. ఈరమ్మ మాత్రం ఏడవలేదు, వాదించలేదు. సిల్వర్ గిన్నె తోమితే చెయ్యి నల్లగైతదని ఇంట్లో ఆడోళ్లందరికీ ఎరుకే, పలక ఇచ్చేముందు ఒక్క మాట అడిగితే అయిపోవు గదా సార్ అంది. ఆ అల్యూమినియం గిన్నెనే మా వైపు సత్తు గిన్నె అంటారు, మా అమ్మ కూడా దాన్ని తోమి చేతులు చూపించి విసుక్కునేది. నా దగ్గర డిప్లొమా ఉంది, పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. గిన్నె తోమే ఆడవాళ్లకి తెలిసింది మా మీటింగులో ఒక్కడి నోటా రాలేదు. నాకు గుర్తులేక కాదు, అది ఇంకా సిగ్గుచేటు.

శేటు ఈ నెలాఖరు దాకా చూస్తానన్నాడట. మగ్గం శేటుదే. తీసుకుపోతే, ఈ వయసులో మేస్త్రీ వెంట పూనాకి మట్టి పనికి పోవడమే. భుజం చూసి ఏ మేస్త్రీ రానిస్తాడో కూడా తెలియదు. నాగప్ప గూట్లోంచి ఒక తెల్లకాగితం తీశాడు. దాచిపెట్టుకున్నట్టుంది, మూలలు కూడా నలగలేదు.

"గిందుల ఒక్క ముక్క రాసియ్యుండ్రి సార్. మరక పలకది, నాగప్ప చెయ్యిది కాదని. శేటుకు సూపిస్త."

రాస్తే ఆ కాగితం ఊరంతా తిరుగుతుంది, ఆఫీసుకి చేరుతుంది, ఆర్డరు పోతుంది, నా మీదికి వస్తుంది. అప్పటికప్పుడు ఒక తెలివైన మాట తోచింది. కాగితం ఎందుకు నాగప్ప గారూ, నేనే స్వయంగా శేటు దగ్గరికి వెళ్లి నోటితో చెబుతాను, అదే బలం అన్నాను. ఆయన మొహం విప్పారింది. అప్పుడు, సిగ్గులేకుండా అప్పుడే, ఫారం ముందుకి జరిపి ఇక్కడొక సంతకం పెట్టండి అన్నాను. ఇందులో ఏం రాసి ఉందని అడిగాడు. పలక వచ్చిందని అన్నాను. అబద్ధం కాదు, ఆ ముక్క కూడా ఉంది. మగ్గం గుంట అంచు మీద కాగితం పెట్టి, మూడక్షరాలు, ఒక్కొక్కటీ పోగు పేర్చినట్టు పేర్చి రాశాడు.

శేటు దుకాణం

శేటు చెడ్డవాడైతే నాకు బాగుండేది. కాదు. కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు. మరక పలక వల్లే, నాగప్ప చేతి తప్పు లేదని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తనకీ నాగప్ప మీద కోపం లేదని, హైదరాబాదు దుకాణంవాడు మూడు చీరలూ తిప్పికొట్టి, ఇంకోసారి ఇలాంటివి పంపితే మీ దగ్గర కొననన్నాడని చెప్పాడు.

"నోటి మాట నేను ఆ దుకాణపాయనకు ఎట్ల సూపియ్యాలె సార్? మీ కంపెనీ పేరు మీద రాసియ్యుండ్రి. గది చాలు నాకు. రేపే నూలు పంపిస్త."

ఆఫీసుని అడగాలన్నాను. ఆయన నా ఫైలు వైపు చూసి, అదేం కాగితమని చెయ్యి చాపాడు. ఇవ్వకపోతే బాగుండదని ఇచ్చాను. శేటు చదువుకున్నవాడు. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. పలక బాగా పనిచేస్తోంది, బట్టకి ఏ లోపమూ కలగలేదు అన్న వాక్యం దగ్గర వేలు ఆపి, చివరి సంతకం దగ్గరికి జరిపాడు.

"నాగప్పనే రాసిచ్చిండు గద సార్, పలకతోని లోపం లేదని. మరి మరక ఎవని చెయ్యిది?"

జేబులో పెన్ను ఉంది. ఎదురుగా కాగితాల కట్ట ఉంది. ఆ సంతకం నేను మాయచేసి పెట్టించానని చెప్పడానికి నోరుంది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఆఫీసుతో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాను. శేటు ఫారం మడత పడకుండా నాకు తిరిగిచ్చి, నమస్కారం పెట్టాడు.

బస్టాండు

హైదరాబాదు బస్సు కదలబోతుండగా నాగప్ప పరుగెత్తుకుంటూ వచ్చాడు. బట్టలో కట్టిన రొట్టెలు కిటికీలోంచి నా ఒళ్లో పెట్టాడు. ఇంటామె ఇప్పుడే కాల్చి ఇచ్చిందన్నాడు.

"చెప్పిన్రా సార్?"

"చెప్పాను."

"ఏమన్నడు?"

"చూస్తానన్నాడు."

రెండు చేతులూ జోడించాడు. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. బీచుపల్లి వంతెన దాటాక ఆకలేసి రొట్టెలు విప్పాను. మొత్తం తినేశాను. ఇంకా వేడిగానే ఉన్నాయి.

పది సంతకాలకీ ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. ఆర్డరు వచ్చింది. కోటింగు వేయాలని ఈసారి మీటింగులో గట్టిగానే అన్నాను, వేస్తున్నారు కూడా. శేటుకి ఫోన్ చేయలేదు. ముందు రేపు చేద్దామనుకున్నాను, తర్వాత నెలాఖరు దాటిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకి యాదగిరి వేరే పని మీద ఫోన్ చేస్తే నాగప్ప సంగతి అడిగాను. మగ్గం లేపిండ్రు, ఇంటికి తాళం ఉంది, మొగుడు పెళ్లాం పూనాకు పోయిన్రు అని చెప్పి, ఇంకేమన్నా ఉందా సార్ అని పెట్టేశాడు. అప్పట్నించి సరుకు వేరే కంపెనీ దగ్గర కొంటున్నాడట.

ఈ ప్రయాణం గురించి ఇప్పుడు ఇన్ని పేజీలు రాశాను. పచ్చి పులుసు గురించి రాశాను, లాడ్జి గడియ గురించి రాశాను, ఎవరూ అడక్కుండానే. ఆ రోజు ఒక మనిషి తెల్లకాగితం పట్టుకుని అడిగింది ఒక్క వాక్యం. మరక మా పలకది, నాగప్ప చెయ్యి మంచిది.